చెయ్యేరు కట్ట మీద ఆ రాత్రి

(ఇందులోని సంఘటనలు, తేదీలు, అంకెలు బహిరంగంగా నమోదైనవి. పేర్లు లేని పాత్రల మాటలు మాత్రం కథనం కోసం అల్లినవి.)

ప్రొద్దుటూరు మనిషిని పెన్న గురించి అడిగితే ముందు ఇసుక గురించి చెప్తాడు, తర్వాతే నీళ్ల మాట. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ యేరు ట్రాక్టర్లకు దారి, పిల్లకాయలకు ఆటస్థలం. అటువంటి పెన్న 2021 నవంబర్‌ మూడో వారంలో గట్లు ఒరుసుకుంటా పారింది. ఎగువన మైలవరం గేట్లెత్తారు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో పెన్న మీది వంతెన కుంగింది, రాకపోకలు ఆపేశారు. కమలాపురం దగ్గర పాపాగ్ని మీది వంతెన ఒక రాత్రి కూలే పోయింది. అప్పటికే బండ్లు ఆపేశారు కాబట్టి అది జనం లేని వంతెనగా కూలింది.

బండ్లు ఆపినప్పుడు అక్కడ ఎంత రచ్చ జరిగుంటుందో ఈ ప్రాంతం తెలిసినవాళ్లు ఊహించుకోవచ్చు. పెళ్లికి పోవాల్సినవాళ్లుంటారు. ఆస్పత్రిలో మనిషిని పెట్టుకున్నవాళ్లుంటారు. ‘ఏమైతాది సార్‌, ఒక్క నిమిషంలో దాటుకుంటాం’ అని బతిమాలేవాళ్లు, ‘ఎవరి మనుషులమో తెలుసా’ అని దబాయించేవాళ్లు ఉంటారు. బారికేడు పెట్టిన కానిస్టేబులు చేతిలో వంతెన కూలుతుందన్న రుజువేమీ ఉండదు. కూలేదాకా వాడు అందరికీ శత్రువే. కూలిన తర్వాత వాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

అదే కడప జిల్లాలో, అదే వారం, రాజంపేట వైపు చెయ్యేరు మీద జరిగింది వేరు.

నవంబర్‌ 18, గురువారం. బంగాళాఖాతంలో వాయుగుండం తీరానికి దగ్గరవుతోంది. తిరుపతి వీధులు చెరువులయ్యాయి. తిరుమల కొండ దారులు మూతపడ్డాయి. శేషాచలం కొండలకు ఇవతలి పక్క పడిన వాన వాగులు, వంకలుగా బాహుదాలోకీ పింఛాలోకీ దిగుతోంది. ఆ రెండేర్లు కలిస్తేనే చెయ్యేరు. పింఛా మీద సుండుపల్లె మండలంలో ఒక చిన్న ప్రాజెక్టుంది. దాని దిగువన, చెయ్యేరు మీద రాజంపేట మండలంలో అన్నమయ్య ప్రాజెక్టు. అన్నమయ్య ఊరు తాళ్లపాక ఆ మండలంలోనే ఉంది, పేరు అందుకే. నిలవ సామర్థ్యం సుమారు 2.2 టీఎంసీలు. గండికోటలాంటి దాని పక్కన పెడితే చిన్న డ్యామే. ఐదు గేట్లు, ఒక మట్టికట్ట.

చీకటి పడింది. కట్ట మీద గాలి, వాన. టార్చిలైటు వెలుగులో గేజి చూస్తున్నాడు లస్కరు. నీటిపారుదల శాఖలో అందరికన్నా కింది మెట్టు మీద ఉండేవాడు లస్కరే. గేటు ఎత్తేది, దించేది, గేజి చూసి పైకి చెప్పేది వాడే.

“ఎంతుందిరా?”

“పెరగతానే ఉండాది సార్‌. ఇంతకుముందు చూసిన గీత ఇప్పుడు కనపడ్లేదు.”

“గేట్లన్నీ పైకేనా?”

“లేసేటివన్నీ లేపినాం సార్‌.”

ఆ చివరి మాట తర్వాత ఢిల్లీ దాకా పోయింది. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్‌ షెకావత్‌ రాజ్యసభలోనే చెప్పారు. ఇది రాష్ట్ర ప్రభుత్వ వైఫల్యమన్నారు. రాష్ట్రం ఒప్పుకోలేదు. ప్రాజెక్టు నుంచి వదలగలిగింది 2.17 లక్షల క్యూసెక్కులైతే వచ్చిపడింది 3.2 లక్షలని, అది మానవమాత్రులు ఆపగలిగే వరద కాదని వాదించింది. ఇసుక కోసం ఏట్లోకి దిగిన వాహనాల కోసమే గేట్లు ఆలస్యంగా ఎత్తారని ప్రతిపక్షం ఆరోపించింది. ప్రభుత్వం అదీ కాదంది. గేటు చుట్టూ ఇంత వాదన నడిచింది కదా, ఒక్కసారి రాష్ట్రం చెప్పిన అంకెల్నే నిజమనుకుని లెక్క వేసి చూద్దాం. పోవాల్సిందంతా పోయినా ఇంకో లక్ష క్యూసెక్కులు మిగులుతాయి. లక్ష క్యూసెక్కులు ఆరు గంటలు పారితే రెండు టీఎంసీల పైమాటే. అంటే ఖాళీ డ్యామునైనా ఒక్క రాత్రిలో నింపి కట్ట మీదుగా పొర్లేంత. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే ఏమవుతుందో ఇంజనీరింగు మొదటి సంవత్సరం కుర్రాడికీ తెలుసు, చెరువు కట్ట కింద బతికిన రైతుకూ తెలుసు.

ప్రభుత్వం చెప్పిన అంకెలు ప్రభుత్వాన్ని రక్షించకపోగా ఇంకో ప్రశ్నను ముందుకు తెస్తాయి. డ్యామును కాపాడటం మన చేతిలో లేదని తేలిన క్షణంలో కట్ట మీద మనిషి చేయాల్సిన పని ఏమిటి?

పింఛా దగ్గర పరిస్థితి అప్పటికే చెయ్యి దాటింది. అక్కడి కట్ట తెగి ఆ నీళ్లు కూడా ఇటే బయల్దేరాయి. ఈ కబురు మండల ఆఫీసుకు చేరే వేళకు ఏమవుతుందో ఆఫీసులు తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

“సార్‌, నాలుగూర్లు ఖాళీ చేయించాల్నంటే ఈ రాత్రిపూట యాడ పెడదాం? పున్నమి ముందు రోజు, ఇండ్ల నిండా చుట్టాలుండారు.”

“పెద్దసారును అడిగినావా?”

“లైను కలవడం లేదు సార్‌.”

“కలిసేదాకా ప్రయత్నం చెయ్యి. మనంతట మనం ఖాళీ చేయించి రేపు కట్ట నిలబడిందనుకో, పేపర్లో మన ఫొటోలేస్తారు.”

ఇలాంటి మాట ఆ రాత్రి ఎవరైనా అన్నారని నేను అనడం లేదు. ఏ వరద రాత్రయినా, ఏ జిల్లాలోనైనా ఈ మాట గాలిలో ఉంటుందని మాత్రం అంటాను. ఆ భయం వెనక చట్టం లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం తిరగేస్తే, 54వ సెక్షన్‌ తప్పుడు హెచ్చరికకు శిక్ష వేస్తుంది. అయితే అది జనంలో భయాందోళన పుట్టించిన తప్పుడు హెచ్చరికకే. 73వ సెక్షన్‌ సద్బుద్ధితో పనిచేసిన అధికారి మీద కేసు నడవకుండా అడ్డు నిలుస్తుంది. నాలుగు ఊళ్లను లేపి గుట్టకెక్కించి, తెల్లారి వరద రాకపోతే, నవ్వులపాలవుతాడేమో గాని ఆ అధికారికి చట్టం చేసే హాని ఏమీ లేదు. 56వ సెక్షన్‌ కథ ఇందుకు తలకిందులు. పెట్టిన బాధ్యతను చేయనన్నవాడికి, విడిచిపెట్టి పోయినవాడికి ఏడాది దాకా జైలుంది. పైఅధికారి రాతపూర్వక అనుమతి ఇచ్చి ఉంటే తప్ప. లేపినవాడికి రక్షణ, వదిలేసినవాడికి శిక్ష అని చట్టం ఇంత తేటగా చెప్తుంటే మన ఆఫీసుల్లో అలవాటు మాత్రం తద్విరుద్ధంగా పాకిపోయింది.

అర్ధరాత్రి దాటింది. తీరాన వాయుగుండం పుదుచ్చేరి, చెన్నైల మధ్య తెల్లవారుజామున మూడు నాలుగు గంటల వేళ నేలకెక్కింది. ఇక్కడ కట్ట మీద నీళ్లు అంచుకొచ్చాయి. లస్కరు జేబులోంచి ఫోను తీశాడు. ఆ ఫోను సంగతి తర్వాత పత్రికల్లో వచ్చింది. ఏ ఉత్తర్వు కోసమూ చూడకుండా దిగువ ఊళ్లలో తనకు తెలిసినవాళ్లకు చెప్పాడు. మాటలు ఇట్లా ఉండి ఉంటాయి.

“మామా, పండుకోనుండావా? లెయ్‌. కట్ట నిలబడేటట్ల లేదు.”

“ఏందప్పా నువ్వు, ఈ యాళప్పుడు...”

“మాట్లాడే టైము లేదు మామా. పిల్లోల్లను తీసుకోని మిట్టకెక్కు. పక్కింటోల్లను లేపు. గొడ్లను ఇప్పేయ్‌. బిరీన.”

మామ లేచాడు. పక్కింటి తలుపు కొట్టాడు. వాళ్లు ఇంకో తలుపు కొట్టారు. ఆ పొద్దు బతికిన ప్రాణాల్లో కొంత భాగం ఈ తలుపుల చప్పుడుకే చెందుతుంది. కింది మెట్టు ఉద్యోగి, నెలజీతం కోసం ఎదురుచూసేవాడు, పైన అంతమంది ఉండగా తన పేరు మీద, తన ఫోను మీద ఆ నిర్ణయం తీసుకున్నాడు. వృత్తి నీతి అనే మాటకు నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. కాకపోతే ఆ ఫోనులో ఉన్న నంబర్లు ఎన్ని? అతని బంధువులు, స్నేహితులు ఉన్న ఇళ్లు బతికాయి. ఎవరి నంబరు అతని దగ్గర లేదో ఆ ఇళ్ల సంగతేమిటి? ఒక మనిషి మంచితనం మీద ఊళ్ల ప్రాణాలు నిలవాల్సి రావడమే వ్యవస్థ తప్పు.

నవంబర్‌ 19, శుక్రవారం, కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామునే తలంట్లు పోసుకుని ఆడవాళ్లు దీపాలు పట్టుకుని బయల్దేరే రోజు. పులపత్తూరులో శివాలయం దగ్గర అప్పటికే జనం ఉన్నారు. అన్నమయ్య మట్టికట్ట తెగింది. తొగూరుపేట, పులపత్తూరు, మందపల్లె, రామచంద్రాపురం, గుండ్లూరు. వరసగా నీళ్లు మీద పడ్డాయి. గుడి దగ్గర ఉన్నవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. మట్టిమిద్దెలు కూర్చున్నచోటనే కరిగాయి. కాంక్రీటు ఇండ్ల పైకప్పుల మీద, చెట్ల మీద మనుషులు. రాజంపేట, నందలూరు మధ్య రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు నీళ్లలో చిక్కుకున్నాయి. ప్రయాణికులు బస్సుల పైకెక్కి చేతులూపడం దేశమంతా టీవీల్లో చూసింది. అందరినీ దింపుకోలేకపోయారు. నందలూరు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. చెయ్యేటి వెంబడి చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిసి ముప్పై మందికి పైగానే.

తెలుగువాళ్ల కాలెండరులో నవంబర్‌ 19కి ఇంకో గుర్తు కూడా ఉంది. 1977లో దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది ఆ తేదీనే. అక్కడ వేల ప్రాణాలు పోయాక తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక కేంద్రాలు పెరిగాయి, కోస్తాలో ‘ఖాళీ చేయించడం’ అన్నది కలెక్టరుకు ఒక పద్ధతిగా అలవాటైంది. ఇప్పుడు విశాఖలోనో మచిలీపట్నంలోనో తుపాను వస్తోందంటే లక్షల మందిని తరలించి, తుపాను పక్కకు పోయినా ఎవరూ నవ్వరు. రాయలసీమలో ఆ అలవాటు లేదు. కరవు సీమ కదా, మనకు విపత్తు అంటే నీళ్లు లేకపోవడం. నీళ్లు ఎక్కువ కావడం అన్నది మన ఆఫీసుల జ్ఞాపకంలో లేని సంగతి.

వరద తీసిన తర్వాత రెండు మాటలు వినిపించాయి. ముందే హెచ్చరించాం, లోతట్టువాళ్లను తరలించాం అంది ప్రభుత్వం. మాకెవరూ గట్టిగా చెప్పలేదు, సైరను లేదు, దండోరా లేదు అన్నారు ఊళ్లవాళ్లు. రెండింటిలో ఒకటి అబద్ధమై తీరాలని లేదు. సాయంత్రం ఎవరో ఒక ఉద్యోగి వీధి చివర నిలబడి ‘జాగర్తగా ఉండండప్పా, యేరొస్తాది’ అని పోయి ఉండొచ్చు. రిజిస్టరులో అది హెచ్చరిక. అన్నం తింటూ విన్నవాడికి అది ఏటా వినే మాట. ఎంత నీళ్లొస్తాయి, ఎప్పుడొస్తాయి, ఎటు పోవాలి, పోకపోతే ఏమవుతుంది అనే నాలుగూ లేని మాట హెచ్చరిక కాదు, చేతులు దులుపుకోవడం. విపత్తు నిర్వహణను వృత్తిగా చేసుకున్నవాళ్ల అంతర్జాతీయ సంఘానికి ఒక నీతి నియమావళి ఉంది. గౌరవం, నిబద్ధత, వృత్తి దక్షత అనే మూడు స్తంభాల మీద నిలబెట్టారు దాన్ని. చదివితే పెద్ద మాటల్లా ఉంటాయి గాని చెయ్యేటి ఒడ్డున పెట్టి చూస్తే చాలా చిన్న, కచ్చితమైన పనులవుతాయి. హెచ్చరిక పంపినప్పుడు పని అయిపోదు, అవతలివాడు కదిలినప్పుడు అవుతుంది. ఇది వృత్తి దక్షత. నిద్రలో లేపినవాడికి నిజం మొత్తం చెప్పడం గౌరవం.

డ్యాములు తెగడం మనకొక్కరికే రాసిపెట్టి లేదు. 2020 మేలో అమెరికాలోని మిషిగన్‌లో ఈడెన్‌విల్‌ డ్యాము తెగింది. దాని నీళ్ల దెబ్బకు దిగువన శాన్‌ఫర్డ్‌ డ్యాము కూడా పోయింది. పింఛా, అన్నమయ్యల్లాగే ఒకదాని వెనక ఒకటి. ఆ డ్యాము యజమానుల నిర్లక్ష్యం మీద అక్కడా పెద్ద గొడవే నడిచింది. వాళ్ల ఇంజనీరింగు మనకన్నా గొప్పగా ఏమీ ఏడవలేదు. కాని దాదాపు పదివేల మందిని కరోనా రోజుల్లో, దూరాలు పాటించాల్సిన రోజుల్లో ముందే ఖాళీ చేయించారు. డ్యాములు రెండు పోయాయి. ఒక్క ప్రాణం పోలేదు. మన దగ్గర 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు డ్యాము తెగి మోర్బీ పట్టణం మీద పడినప్పుడు కబురు నీళ్ల కన్నా వెనక నడిచింది. వేల మంది పోయారు. మోర్బీకి, రాజంపేటకి మధ్య నలభై రెండేళ్లు. మధ్యలో మొబైల్‌ ఫోన్లొచ్చాయి, ఉపగ్రహాలొచ్చాయి.

2021 డిసెంబర్‌ 2న రాజ్యసభ డ్యాముల భద్రత బిల్లును ఆమోదించింది. లోక్‌సభ దాన్ని 2019లోనే ఆమోదించి పంపింది. ఆ డిసెంబర్‌ మొదట్లోనే అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి చెయ్యేటి ఊళ్లలో తిరిగారు. ఆయన పులివెందుల ఎమ్మెల్యే, ఈ జిల్లా మనిషి. సొంత జిల్లాలో కట్ట తెగిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అందువల్ల రాజకీయంలోకి మరింత తొందరగా జారింది. రాజకీయంలోకి జారిన ప్రశ్నకు జవాబు ఎట్లా ఉంటుందో తెలిసిందే. ప్రతివాళ్లూ అవతలివాళ్ల పేరు చెప్తారు. ఆ రాత్రి ఏ గంటకు ఎవరు ఎవరికి ఏం చెప్పారన్న వరస మాత్రం ఊళ్లవాళ్ల చేతికి రాలేదు. నా దృష్టిలో అసలు వృత్తి పరీక్ష మొదలయ్యేది అక్కడే. విమానం కూలితే బ్లాక్‌బాక్సు వెతుకుతాం, పైలట్ల మాటలు దర్యాప్తులో బయటికొస్తాయి. కట్ట తెగితే ఎందుకు రావు?

సహాయం పంచేటప్పుడు కూడా పరీక్షే. ఏ ఇల్లు పూర్తిగా పోయినట్టు, ఏది సగం పోయినట్టు, ఎవరి పొలంలో ఇసుక మేట ఎంత అన్న జాబితా రాసేవాడు ఆ ఊరికి ఆ వారం దేవుడు. చట్టంలో 61వ సెక్షన్‌ కులం, మతం, ఆడ, మగ అన్న తేడా చూపకూడదని ప్రత్యేకంగా రాసుకుంది. రాసుకోవాల్సి వచ్చిందంటేనే ఎందుకో తెలుస్తుంది. పార్టీ అనే మాట అందులో లేదు. మన జిల్లాల్లో కులం కన్నా ముందు చూసేది అదే. సహాయ సొమ్మును, సరుకును తినేసినవాడికి 53వ సెక్షన్‌ కింద రెండేళ్ల దాకా జైలుంది. ఈ సెక్షన్లు ఉన్నాయని జాబితా రాసేవాడికీ తెలియదు, జాబితాలో పేరు లేనివాడికీ తెలియదు. మూడేళ్లు దాటినా అన్నమయ్య కట్ట మళ్లీ లేవలేదు.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. మన దేశంలో విపత్తు నిర్వాహకుడు అనే ఉద్యోగం ప్రత్యేకంగా దాదాపు లేదు. చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. ఆయనే ఎన్నికలు చూడాలి, భూముల తగాదాలు చూడాలి, మంత్రి వస్తే ఎదురు పోవాలి. తహసీల్దారుదీ అదే గతి. గేట్లు ఇంజనీర్ల చేతిలో, ఊళ్లు రెవెన్యూ చేతిలో, రోడ్లు పోలీసుల చేతిలో. ఈ మూడు చేతులూ అర్ధరాత్రి కలవాలి. కలవకపోతే ఏ ఒక్కరిదీ తప్పు కాకుండానే ఊరు పోతుంది. వాళ్లను ఒక్కొక్కరినీ రాక్షసులుగా చూపడం నాకిష్టం లేదు. ఆ రాత్రి వాళ్లలో చాలామంది తడిసి ముద్దయి పనిచేసే ఉంటారు.

ఇదంతా రాజంపేట సంగతేనని ప్రొద్దుటూరు వాళ్లు అనుకోవడానికి వీల్లేదు. పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు, సుమారు 10 టీఎంసీలు. చిత్రావతి పెన్నలో కలిశాక గండికోట, 26 టీఎంసీల పైమాట. దానికి దిగువన జమ్మలమడుగు పక్కనే మైలవరం, దాదాపు 10 టీఎంసీలు. ఆ మూడింటికీ దిగువన ప్రొద్దుటూరు. అన్నమయ్యలో పట్టింది రెండు టీఎంసీల చిల్లర. ఈ డ్యాములు తెగుతాయని బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు, అది 54వ సెక్షన్‌ పని. అడగాల్సింది మాత్రం అడుగుదాం.

డ్యాముల భద్రత చట్టం 2021 డిసెంబర్‌ 30న అమల్లోకి వచ్చింది. అప్పటికే కట్టి నింపిన ప్రతి పెద్ద డ్యాముకూ దాని యజమాని ఐదేళ్లలోగా అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలంటుంది. మన దగ్గర యజమాని అంటే నీటిపారుదల శాఖే. గడువు 2026 డిసెంబర్‌ చివరికి. ఆ కాగితం ఇంగ్లీషులో ఉండి కడప కలెక్టరేట్‌ బీరువాలో పడుంటే పనికిరాదు. జమ్మలమడుగులో, ప్రొద్దుటూరు పెన్న గట్టు వీధుల్లో ఏ నీళ్లు ఎంతసేపట్లో ఎంత ఎత్తుకొస్తాయో పటం గీసి సచివాలయం గోడకు వేలాడదీయాలి. ఏ మిట్టకు పోవాలో బాణం గుర్తు ఉండాలి. పైఅధికారి ఫోను కలవకపోతే ఎవరు నిర్ణయం తీసుకోవాలో హోదా సహా రాయాలి. కట్ట మీది లస్కరు నేరుగా సైరను మోగించవచ్చా లేదా అన్నది ఒక్క వాక్యంలో తేల్చాలి. మోగించవచ్చు అని రాస్తే, తప్పుగా మోగించినా ఉద్యోగం పోదని అదే వాక్యం కింద సంతకం పెట్టాలి.

సంతకం పెట్టాల్సింది జిల్లా కలెక్టరు.